పైపు కోసం గోడ తెరిస్తే గుమ్మం సంగతి బయటపడింది: 1986 నాటి ఇంటి మరమ్మతు కేసు

గోడ చెమ్మ గురించి నాకు ఫోన్ చేసేవాళ్లు చాలావరకు అప్పటికే ఇద్దరు ముగ్గురికి డబ్బులిచ్చి విసిగిపోయి ఉంటారు. ఈ ఇంటాయన నలుగురికి ఇచ్చారు. రిటైరైన టీచరు కాబట్టి ఇక్కడ మాస్టారు అనే అంటాను. ఊరు గుంటూరు వైపు ఒక పట్టణం అనుకోండి. మనుషుల ఆనవాళ్లు తీసేశాను, గోడ సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

1986లో కట్టిన డాబా ఇల్లు. తర్వాత పన్నెండేళ్లకి పైన ఇంకో అంతస్తు వేశారు. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే స్లాబు. బోరు నీళ్లు, గిన్నె ఆరితే తెల్లచారలు పడే రకం. కింద పైపులన్నీ జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుపవి, గోడలోపలే. పై అంతస్తుకి మాత్రం ఈమధ్యే బయటినుంచి కొత్త లైను వేయించారు.

కేసంతా ఒక్క గోడ చుట్టూనే. సగం దూరం అది వంటగదికీ బాత్రూముకీ మధ్య నడుస్తుంది. మిగతా సగంలో నడవాలోంచి బాత్రూములోకి వెళ్లే గుమ్మం ఉంది. పై అంతస్తు గోడ కూడా సరిగ్గా దీని మీదే లేచింది.

అబ్బాయి పెళ్లి పది వారాల్లో ఉంది. వంటగదికి కొత్త కప్‌బోర్డులు, బాత్రూముకి కొత్త టైల్సు, పుచ్చిపోయిన బాత్రూము గుమ్మం తీసేసి కొత్తది. ఇదీ వాళ్లు అనుకున్న పని. చెమ్మ సంగతి "దాంతోపాటు చూసేయండి" అన్నారు.

చెప్పినవీ, కనిపించినవీ

వంటగది వైపు గోడ మీద నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున మొదలై నాలుగడుగుల దాకా ఒక పట్టీలా చెమ్మ. రంగు పొలుసులుగా లేచి, చేత్తో తుడిస్తే తెల్లటి ఉప్పు అంటుకుంటోంది. బాత్రూము తలుపు సరిగ్గా పడదు, రెండేళ్లలో మూడుసార్లు చిత్రిక పట్టించారట. గుమ్మం పై మూల నుంచి ఇటుకల వెంట మెట్లు మెట్లుగా ఎక్కిన సన్నటి పగులు. అమ్మగారు ఇంకోటి చెప్పారు: "పొద్దున్నే అరబకెట్టు నీళ్లు పారబోస్తాం నాయనా, టీ రంగులో వస్తాయి."

చెమ్మ, తలుపు, పగులు, టీ నీళ్లు. నాలుగూ నాలుగు వేరువేరు ఫిర్యాదులుగానే చెప్పారు. నేను కూడా మొదటిరోజు నా పుస్తకంలో నాలుగు వరసల్లో రాసుకున్నాను. చెమ్మకి పైపు, తలుపుకి వడ్రంగి, పగులుకి పుట్టీ. ఇప్పుడా పేజీ చూస్తే సిగ్గేస్తుంది.

అంతకుముందు జరిగిన వైద్యాలు: ఒకాయన పై అంతస్తు డాబాకి వాటర్‌ప్రూఫింగ్ చేశాడు. ఇంకొకాయన చెమ్మ ఆపే రంగు రెండు కోట్లు వేశాడు. మూడో ఆయన పాత ప్లాస్టరు మీదే రెండడుగుల ఎత్తున టైల్సు అతికించాడు. నాలుగో ఆయన గోడకి రంధ్రాలు పెట్టి ఏదో మందు ఎక్కించాడు. ఎవరూ మోసం చేశారని అనను. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చకుండా ఎవరి సరుకు వాళ్లు పూశారంతే. గోడలోపల నీళ్లు పుడుతుంటే లోపలివైపు రంగుతో మూసినా అవి ఆగవు, పక్కకి జరుగుతాయి. టైల్సు వేశాక చెమ్మ పట్టీ అడుగు పైకి జరిగిందని మాస్టారే చెప్పారు.

వానది కాదని తేల్చడం తేలికే. ఎండాకాలంలోనూ ఇదే తడి. నేలలోంచి ఎక్కే చెమ్మ కూడా కాదు. అదైతే అడుగున ఎక్కువగా ఉండి పైకి పోనుపోను తగ్గాలి. ఇక్కడ గోడ అడుగు పొడిగానే ఉంది, నడుం ఎత్తున తడి. అంటే నీళ్లు ఆ ఎత్తులోనే ఎక్కడో పుడుతున్నాయి. పిన్నులు గుచ్చే చెమ్మ మీటరు కూడా పెట్టాను గానీ దాని అంకెల్ని పెద్దగా లెక్కచేయలేదు. ఉప్పు పేరిన గోడలో అది ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది.

నేను చేసిన తప్పు

గోడ పగలగొట్టే ముందు ట్యాంకు పరీక్ష చేస్తాను. రాత్రి పదికి మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, పుల్లతో నీటిమట్టం కొలిచి, పొద్దున ఆరుకి మళ్లీ కొలవడం. వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే సుమారు 9 లీటర్లు పోయినట్టు.

మొదటి రాత్రి లైన్ల వాల్వులన్నీ తెరిచి ఉంచాం. సెంటీమీటరు దిగింది. రెండో రాత్రి బాత్రూము లైను గేట్ వాల్వు కట్టేశాం. మళ్లీ దాదాపు సెంటీమీటరే. బాత్రూము లైను మంచిదే, లీకు వంటగది లైనులో ఉందని తేల్చేశాను. మూడో రాత్రి వంటగది వాల్వు కూడా కట్టి చూడాలి. పెళ్లి టెన్షన్‌లో ఆ ఒక్క రాత్రి మిగుల్చుకుందామనుకున్నాను. రెండూ కట్టినా మట్టం దిగి ఉంటే, వాల్వుల్లో ఒకటి అబద్ధం చెబుతోందని అప్పుడే తెలిసిపోయేది.

మర్నాడు వంటగది వైపు ప్లాస్టరు కొట్టించి, తడిగా ఉన్న రెండడుగుల పైపు కోయించి, మధ్యలో సీపీవీసీ (వేడినీళ్లకీ తట్టుకునే ప్లాస్టిక్ పైపు) ముక్క పెట్టించాను. మర కట్టిన జీఐ లైనులో మధ్య ముక్క మార్చడం మాటల్లో ఉన్నంత తేలిక కాదు. ఒక చోట రెంచి వేసి తిప్పితే ఆ మెలి పక్క జాయింటుకి పోతుంది. అందుకే రెండు రెంచిలు వాడాలి, ఒకటి తిప్పడానికి, ఇంకోటి వెనక పట్టి ఆపడానికి. కుర్ర ప్లంబరు ఒక్క రెంచితో కానిచ్చాడు. నేను పక్కనే ఉండీ ఫోన్‌లో ఉన్నాను. గోడలోపల అవతలి ఎల్బో (పైపు మలుపు ముక్క) దగ్గర మరలు పుటుక్కుమన్నాయి. అంతవరకు లీకు లేని చోట ఇప్పుడు నిజంగా లీకు వచ్చింది. రెండ్రోజులు ఆ ఇంట్లో నీళ్లు లేవు. దాన్ని బాగుచేశాక ట్యాంకు కొలిస్తే మళ్లీ అదే సెంటీమీటరు.

అప్పుడు మా పాత ప్లంబరుని పిలిపించాను. అరవై దాటాయి, అందరం బాబాయి అంటాం. గోడ వైపు చూడనైనా చూడకుండా డాబా ఎక్కి, బాత్రూము లైనులో వాల్వు తర్వాత ఉన్న యూనియన్ (విప్పి మళ్లీ బిగించగల జాయింటు) విప్పాడు. వాల్వు బిగించే ఉంది, అయినా దాని నోట్లోంచి సన్నగా దారంలా నీళ్లు. లోపల సున్నం పేరుకుని వాల్వు లోపలి తలుపు చివరిదాకా దిగడం లేదు. ప్లంబర్లు దీన్ని 'పాస్ అవుతోంది' అంటారు. బాబాయి అక్కడ ఎండ్ ప్లగ్ బిగించి, "పాత వాల్వుని నమ్మడం, పాత బాకీని నమ్మడం ఒకటే సార్" అన్నాడు. మర్నాడు పొద్దున మట్టం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

గోడలోపల

బాత్రూము వైపు టైల్సూ ప్లాస్టరూ తీయించాం. పైపు పై నుంచి దిగి, గుమ్మం పైన గోడని మోసే కాంక్రీటు దూలం, అదే లింటెల్, పక్కగా గీజరు దాకా అడ్డంగా పోయి, అక్కణ్ణుంచి మూడడుగుల ఎత్తుకి దిగి, మళ్లీ అడ్డంగా కుళాయిలకి పోయింది. లీకులు రెండు. ఒకటి మూడడుగుల ఎత్తున ఎల్బో దగ్గర, వంటగది చెమ్మ దీనిదే. రెండోది గీజరు లైనులో, లింటెల్‌కి ఆనుకుని. రెండూ మరల దగ్గరే. జీఐ పైపుకి మర కోసినప్పుడు జింకు పూత పోతుంది, ఇనుము కూడా అక్కడ పలచబడుతుంది, తుప్పు మొదట పట్టేది అక్కడే. కోసిన ముక్క అడ్డంగా పెట్టి మాస్టారుకి చూపించాను. అరంగుళం పైపులో 16 మిల్లీమీటర్ల దారి ఉండాలి. గోధుమరంగు పెచ్చుల మధ్య పెన్సిల్ దూరేంత మిగిలింది. అమ్మగారి టీ నీళ్ల లెక్క తేలింది.

నన్ను ఆపేసింది పైపు కాదు, గాడి. ఆ అడ్డ పైపు కోసం బాత్రూము వైపు ఆరున్నర అడుగుల పొడవున మూడంగుళాల లోతు కొట్టారు. వంటగది వైపు దాదాపు అదే ఎత్తులో ఇంకో గాడి, రెండంగుళాలు. తొమ్మిదిలో ఐదు పోతే మిగిలింది నాలుగంగుళాలు. పైన స్లాబు, దాని మీద ఇంకో అంతస్తు గోడ. ఇటుక కట్టడాల ప్రమాణం ఐఎస్ 1905 ప్రకారం అడ్డ గాడి లోతు గోడ మందంలో ఆరో వంతు దాటకూడదు, నిలువు గాడి మూడో వంతు. అంటే ఇక్కడ అడ్డంగా ఒకటిన్నర అంగుళం, అంతే. నిలువు గాడి గోడలో కొద్దిపాటి వెడల్పునే తీస్తుంది. అడ్డ గాడి ఆ పొడవు పొడవునా బరువు దిగే దారినే సన్నం చేస్తుంది. గాడిని ఇటుక బెడ్డలతో నింపి పైన ప్లాస్టరు చేసేశారు. వేలితో లాగితే బెడ్డలు ఊడి వచ్చాయి.

లింటెల్ అడుగున కాంక్రీటు పెచ్చులూడి ఉంది. మూడు కమ్మీల్లో ఒకటి అట్టముక్కలా పొరలు పొరలుగా విడిపోయింది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా ఉబ్బుతుంది కాబట్టి కాంక్రీటుని లోపల్నుంచే పగలగొడుతుంది.

ఆ పొద్దున వడ్రంగి గుమ్మం కోయడానికి రంపంతో వచ్చి ఉన్నాడు. దుమ్ము పనులు ముందు అవగొట్టాలని వరస వేసింది నేనే. ఎందుకో అనుమానమొచ్చి, గుమ్మం పై అడ్డచెక్కకీ లింటెల్‌కీ మధ్య హాక్సా బ్లేడు దూర్చబోయాను. మామూలుగా అక్కడ పలచటి మాలు ఉంటుంది, గోకితే బ్లేడు పోతుంది. ఇక్కడ ఎక్కడా పోలేదు. అడ్డచెక్క కింద దారం లాగి చూస్తే మధ్యలో మూడు మిల్లీమీటర్లు కిందకి వంగి ఉంది.

గుమ్మం ఉన్నది తలుపు మోయడానికి. గోడని మోయాల్సింది లింటెల్. ఇక్కడ లింటెల్ బలం పోయి ఆ భారం టేకు చెక్క మీద పడింది. ఆ చెక్క నిలువుకాళ్లలో ఒకటి అడుగున ఎనిమిదంగుళాల మేర స్పాంజిలా మెత్తబడి, కొంచెం కొంచెంగా దిగుతోంది. అందుకే తలుపు పట్టేస్తోంది, మూలన మెట్ల పగులు పడింది. మూడుసార్లు చిత్రిక పట్టిన వడ్రంగి మూడుసార్లూ కుంగుబాటునే చెక్కేశాడు పాపం. ఆ పూట గుమ్మం కోసి ఉంటే ఏమయ్యేదో నేను ఖాయంగా చెప్పలేను. చెప్పాల్సిన అవసరం రాకపోవడమే నాకు చాలు.

ఏది ముందు

పై గదిలో ఎవరూ ఉండొద్దని ఖాళీ చేయించాం. గోడకి రెండు వైపులా స్లాబు కింద మూడడుగులకొకటి చొప్పున ఇనుప జాకీలు, అడుగున పలకలు వేసి నిలబెట్టాం. గుమ్మాన్ని మాత్రం కదపలేదు. పుచ్చినదైనా ఆ గంటకి బరువు మోస్తున్నది అదే కాబట్టి దాని పక్కన ఇంకో రెండు సరుగుడు బాదులు బిగించాం.

లింటెల్‌కి మూడు దారులు. అక్కడే పోతపోస్తే అన్నిటికన్నా మన్నిక, కానీ సెంట్రింగు కట్టాలి, పాత లింటెల్ మొత్తం ఒకేసారి తీయాలి, గట్టిపడేదాకా రోజులు కావాలి. ముందే పోసిన లింటెల్ తెచ్చి పెట్టాలన్నా మొత్తం ఒకేసారి తీయక తప్పదు. ఎంచుకున్నది మూడోది: రెండు ఇనుప చానళ్లు, గోడకి ఒక వైపు ఒకటి. దీని సుగుణం ఏమంటే గోడని ఎప్పుడూ సగం మందమే తీస్తాం. నడవా వైపు సగం కోసి, నాలుగడుగుల చానల్ దూర్చి, ఒక్కో చివర ఎనిమిదంగుళాలు ఇటుక మీద ఆనించి, పైన ఉన్న సందుని ముడుచుకుపోని గ్రౌటుతో కూరాం. అది గట్టిపడ్డాక బాత్రూము వైపు రెండోది. రెంటినీ బోల్టులతో కలిపేశాం. దీని దోషం తెలిసిందే, తడి గదిలో ఇనుము. జింకు ప్రైమరు, పైన ఎపాక్సీ, కోళ్ల మెష్ (సన్నటి ఇనుప జాలి) చుట్టి ప్లాస్టరు. నీళ్ల పైపు ఆ దరిదాపుల్లోకి మళ్లీ రాదన్న హామీ లేకపోతే ఈ దారి పట్టేవాణ్ణి కాదు.

గాడి పూడ్చే దగ్గర మేస్త్రీకీ నాకూ చిన్న గొడవ. చిప్స్ కాంక్రీటు కూరేస్తే ఒక్కపూట పని అంటాడు. ఉన్న బెడ్డలన్నీ ఒకేసారి తీసి శుభ్రం చేస్తే ఆరున్నర అడుగులూ నాలుగంగుళాల మీదే నిలబడాలి. అందుకని రెండడుగుల ముక్క తెరవడం, కడగడం, తడిపిన ఇటుక ముక్కలు 1:4 మాలులో కట్టడం, పై సందులో గట్టి మాలు దట్టించడం, తర్వాత ఒక ముక్క వదిలి ఆ పక్కది తెరవడం. వారం పట్టింది. మేస్త్రీ వారమంతా ముభావంగానే ఉన్నాడు.

కొత్త లైను, ఒక తీగ

ఆ గోడలో ఇక అడ్డ పైపు వద్దన్నాను. మాస్టారుకి బయట పైపులు కనిపించడం ఇష్టం లేదు. "మీకు కనిపిస్తే లీకు కూడా మీకే ముందు కనిపిస్తుంది" అంటే ఒప్పుకున్నారు. పక్క సందులో బయటి గోడ వెంట సీపీవీసీ అంగుళం లైను దించి, ఎండకి పాడవకుండా రంగు వేసి, కుళాయి ఉన్నచోట మాత్రమే గోడకి రంధ్రం చేసి స్లీవులోంచి లోపలికి తెచ్చాం. గీజరు నోటికి సీపీవీసీని నేరుగా తగిలించలేదు, మధ్యలో అల్లిక లోహపు గొట్టం పెట్టాం. మూయకముందు చేతిపంపుతో చదరపు సెంటీమీటరుకి 10 కేజీల ప్రెజరు ఎక్కించాం. ఇంటి ట్యాంకు నుంచి వచ్చేది కేజీ కూడా ఉండదు, అయినా పరీక్ష గట్టిగానే ఉండాలి. గంటలో ఎనిమిదిన్నరకి పడింది. షవరు దగ్గర ఒక ప్లగ్‌కి టేపు చుట్టడం మర్చిపోయారు. సరిచేశాక ముల్లు కదల్లేదు. ప్లాస్టరు చేసే ముందు ప్రతి గాడికీ టేపు పెట్టి ఫోటోలు తీసి మాస్టారు ఫోన్లో వేశాను. డ్రైనేజీ వైపు నహానీ ట్రాపులో (బాత్రూము నేల నీళ్లు పోయే చోటు) రంగు నీళ్లు పోసి చూశాం, ఇబ్బంది లేదు.

పాత జీఐ ముక్కలు పోగేస్తుంటే ఒక క్లాంపు కనిపించింది, దానికో తీగ. గీజరు ఎర్తింగుని ఎవరో పైపుకి కట్టారు. పాత ఇళ్లలో ఇది మామూలే. ఇనుప పైపు నేలలోకి పోయినన్నాళ్లూ అది ఎంతో కొంత ఎర్తుగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ లైను వేసిన రోజే ఆ రక్షణ పోతుంది, ప్లంబరుకీ తెలియదు, ఎలక్ట్రీషియన్‌కీ తెలియదు. కొత్త ఎర్త్ పిట్ తీయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించాకే గీజరు స్విచ్చి వేయనిచ్చాను. మొత్తం పనిలో దీనికైన ఖర్చు చాలా తక్కువ. ఇది చూడకుండా వదిలేసి ఉంటే అన్న ఆలోచనే నాకు ఇప్పటికీ రాత్రిళ్లు వస్తుంది.

ముహూర్తం

పెళ్లికి మూడు వారాలు. వంటగది గోడ లోపల ఇంకా తడి. తడి గోడ అంగుళం ఆరడానికి నెల పడుతుందని మాకొక మోటు లెక్క ఉంది. తొమ్మిదంగుళాల గోడ రెండు వైపులా ఆరినా నాలుగైదు నెలలు. ఇప్పుడే ప్లాస్టరు చేసి కప్‌బోర్డులు బిగిస్తే పెళ్లి ఫోటోల్లో బాగుంటుంది, ఉగాది దాటాక ఉప్పు తన్నుకొస్తుంది. ఆ మాటే మాస్టారుకి చెప్పాను. చుట్టాలొస్తుంటే గోడ ఇటుకలు కనబడుతూ ఉంటాయా అని అమ్మగారు బాధపడ్డారు. చివరికి కప్‌బోర్డులకి వెనక పలక లేకుండా, గోడకి రెండంగుళాలు ఎడంగా, కాళ్ల మీద నిలబెట్టాం. పైభాగం గోడకి పాత చీర ఒకటి తెరగా కట్టారు. పెళ్లివారిలో ఒకరిద్దరు అదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నారట.

ఉప్పు పేరినప్పుడల్లా పొడి బ్రష్‌తోనే దులపమన్నాను. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అయిదు నెలల తర్వాత సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 పాళ్లలో ప్లాస్టరు చేశాం. ఆవిరి బయటికి పోనిచ్చే రంగు వేశాం. వాటర్‌ప్రూఫ్ అని పేరున్న ఏదీ లోపలివైపు వాడలేదు.

దీని తర్వాత నా పద్ధతిలో మారినవి చాలా లేవు. పాత వాల్వు కట్టి చేసిన ఏ పరీక్షనీ నమ్మను, యూనియన్ విప్పి ప్లగ్ వేయాల్సిందే. జీఐ లైనులో మధ్య ముక్క మార్చే పని ఒప్పుకోను, మారిస్తే చివరి నుంచి చివరిదాకా. పాత గుమ్మం తీసే ముందు బ్లేడూ దారమూ పెట్టకుండా వడ్రంగిని రానివ్వను. ఇంటివాళ్లు చెప్పిన ఫిర్యాదుల్ని విడివిడి వరసల్లో కాకుండా ఇంటి ప్లాను గీసి దాని మీదే గుర్తుపెడుతున్నాను. ఆ నాలుగూ ఒకే గోడ మీద పడి ఉంటే మొదటిరోజే కళ్లబడేది.

రెండు వానాకాలాలు గడిచాయి. సింకు కింద అరచేతి మేర ఉప్పు ఒకసారి పేరింది, దులిపితే మళ్లీ రాలేదు. పగులు కదిలితే విరగాలని మెట్ల పగులు మీద నేను అతికించిన గాజు ముక్క చెక్కుచెదరలేదు. మాస్టారు ఇప్పటికీ నెలకోసారి రాత్రి ట్యాంకులో పుల్ల పెట్టి పెన్సిల్ గీత గీసి, పొద్దున నాకు ఒక్క మాట మెసేజ్ పెడతారు: "కదల్లేదు."